వ్యూఫైండరా, వెనక స్క్రీనా? మిర్రర్‌లెస్‌లో ఏది ఎప్పుడు వాడాలి

మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని కొత్త తరం కెమెరా) కొత్తగా కొన్నవాళ్లకి ఎవరో ఒకరు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: "వెనక స్క్రీన్ చూస్తూ తీయకు, వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి తీయి, అదే అసలు పద్ధతి." ఫోన్‌తో ఫొటోలు మొదలుపెట్టి కెమెరాకి వచ్చినవాళ్ల సంగతి దీనికి పూర్తిగా రివర్స్. కళ్లెదురుగా అంత స్క్రీన్ ఉండగా ఆ చిన్న కంతలోకి తొంగి చూడటం ఎందుకో వాళ్లకి అర్థం కాదు, నెలల తరబడి దాని జోలికే వెళ్లరు. రెండు వైపులా మాట్లాడిస్తున్నది అలవాటే. నా లెక్కలో అయితే మిర్రర్‌లెస్‌లో ఈ రెండిట్లో ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అన్నదే లేదు. అక్కడి వెలుతురు ఎలా ఉంది, తీస్తున్నది నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, మీ కంటిచూపు ఎలాంటిది అన్నదాన్ని బట్టి ఫొటో ఫొటోకీ మారాల్సిన విషయం ఇది.

ఆ పాత సలహా ఊరికే పుట్టలేదు, ఒకప్పుడు అది నూటికి నూరుపాళ్లు నిజం. డీఎస్ఎల్ఆర్‌లో, అంటే అద్దం ఉండే పాత తరం కెమెరాలో, లెన్స్ గుండా వచ్చిన వెలుతురు లోపలి అద్దానికి తగిలి పైకి వెళ్లి, ప్రిజం దాటి మీ కంటికి చేరేది. ఫోకస్ చూసుకునే సెన్సార్ కూడా వేరే, అది అద్దం కింద ఉండేది. లైవ్ వ్యూ నొక్కి వెనక స్క్రీన్ మీద చూడాలంటే అద్దం పైకి లేవాలి, అది లేచిందంటే ఆ ఫోకస్ సెన్సార్‌కి వెలుతురు అందదు, దాంతో కెమెరా ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ మెల్లగా ఫోకస్ చేసేది. పరిగెత్తే పిల్లాణ్ణి అలా తీయడం దాదాపు అయ్యే పని కాదు. 2013లో కెనాన్ 70డీతో డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ (ఫొటో తీసే సెన్సారే వేగంగా ఫోకస్ కూడా చూసుకునే పద్ధతి) వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది గానీ, అప్పటికే "స్క్రీన్ చూసి తీసేవాడు కొత్తవాడు" అన్న ముద్ర పడిపోయింది.

మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమే లేదు. 2008లో పానాసోనిక్ జీ1 వచ్చినప్పటి నుంచి ఈ తరం కెమెరాలన్నిట్లో ఏర్పాటు ఒకటే: ఫొటో తీసే సెన్సారే ఫోకస్ కూడా చూసుకుంటుంది, అదే సెన్సార్ నుంచి వచ్చే దృశ్యం వెనక స్క్రీన్‌కీ వెళ్తుంది, వ్యూఫైండర్‌లోకీ వెళ్తుంది. వ్యూఫైండర్ అంటే లోపల అర అంగుళం అటూఇటూగా ఉండే బుల్లి స్క్రీన్, దాని ముందు దాన్ని పెద్దదిగా చూపించే కటకాలు, అంతే. అంటే మీరు ఎటు చూసినా చూస్తున్నది స్క్రీన్‌నే. ఫోకస్ వేగం, ముఖాన్నీ కంటినీ పట్టుకోవడం, ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుతురు) లెక్క, అన్నీ రెండిట్లోనూ ఒకటే. కన్ను ఆనించి తీస్తే ఫోకస్ బాగా కుదురుతుందనేది ఇక్కడ చెల్లదు. కన్ను ఆనించినప్పుడు ఫొటో షార్ప్‌గా వచ్చే మాట నిజమే, కానీ దానికి కారణం వేరే, అది తర్వాత చెబుతాను.

ముందు అంకెల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే కంపెనీలు ఇక్కడ రాసే అంకెలు మామూలు మనిషిని తికమక పెట్టేలా ఉంటాయి. స్పెసిఫికేషన్‌లో "23.6 లక్షల డాట్స్" అని ఉంటే అన్ని పిక్సెళ్లు ఉన్నాయని కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు డాట్లు కలిస్తేనే ఒక పిక్సెల్. కాబట్టి 23.6 లక్షల డాట్స్ అంటే 1024 బై 768 పిక్సెళ్లు, 36.9 లక్షలంటే 1280 బై 960, 57.6 లక్షలంటే 1600 బై 1200, సోనీ ఏ7ఎస్ 3 లాంటివాటిలో ఉండే 94.4 లక్షలంటే 2048 బై 1536. ఇప్పుడు సోనీ ఏ6400 తీసుకోండి, దాని వ్యూఫైండర్ 23.6 లక్షలు, వెనక స్క్రీన్ 9.21 లక్షలు, అంటే 640 బై 480 మాత్రమే. అంగుళాల్లో స్క్రీన్ పెద్దది కావచ్చు గానీ వివరం రెండున్నర రెట్లు ఎక్కువ కనిపించేది లోపలే. కనురెప్పల మీద ఫోకస్ పడిందా, ముక్కు మీద పడిందా అన్నది తేల్చుకోవాలంటే ఈ తేడా బాగా తెలుస్తుంది.

అలాగని డాట్స్ ఒక్కటే చూసి కొనేయొద్దు. నికాన్ జెడ్9 ఆ కంపెనీ అన్నిటికంటే పెద్ద కెమెరాగా 2021లో తెచ్చినది, దాని వ్యూఫైండర్ 36.9 లక్షలే, కానీ 3000 నిట్స్ దాకా వెలుతురు ఇస్తుంది, ఎండలో దాన్ని వాడినవాళ్లకి డాట్స్ తక్కువన్న ఆలోచనే రాదు. ఇంకోటి మ్యాగ్నిఫికేషన్, అంటే కన్ను పెట్టినప్పుడు దృశ్యం ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నది. సోనీలోనే ఏ7సీకి ఇది 0.59, ఏ7 4కి 0.78. ఒకదాని తర్వాత ఒకటి కంటికి పెట్టుకుంటే ఎవరూ చెప్పకుండానే తేడా తెలిసిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఏపీఎస్-సీ (చిన్న సెన్సార్) కెమెరాలకి 1.07 అని పెద్ద అంకె వేస్తారు, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరాలతో పోల్చాలంటే దాన్ని 1.5తో భాగించాలి (కెనాన్‌కైతే 1.6తో), అప్పుడది 0.7 దగ్గరికి వస్తుంది.

ఇక వెలుతురు. మే నెల మధ్యాహ్నం లేపాక్షి నంది దగ్గరో గోల్కొండ కోట మీదో వెనక స్క్రీన్ చూసి తీయడానికి ప్రయత్నించినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు, స్క్రీన్ మీద మీ ముఖమూ ఆకాశమూ కనిపిస్తాయి తప్ప నంది కనిపించదు. స్క్రీన్ వెలుతురు పెంచే "సన్నీ వెదర్" లాంటి మోడ్ చాలా కెమెరాల్లో ఉంటుంది, కాస్త పనికొస్తుంది కూడా, కానీ దానితో ఒక చిక్కు ఉంది. పగలు అలా పెంచి వదిలేసి రాత్రి అదే స్క్రీన్ చూస్తే చీకటి ఫొటో కూడా వెలుగులా కనిపిస్తుంది, ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో వేస్తే అన్నీ ఒక స్టాప్ తక్కువలో, అంటే సగం వెలుతురుతో ఉంటాయి. వ్యూఫైండర్‌కి ఈ గొడవ బాగా తక్కువ, కంటి చుట్టూ రబ్బరు కప్పేస్తుంది కాబట్టి బయట ఎంత ఎండున్నా లోపల చూసేది అదే వెలుతురులో చూస్తారు. అయినా సరే, ఎక్స్‌పోజర్ విషయంలో రెండిట్లో ఏ స్క్రీన్‌నీ పూర్తిగా నమ్మొద్దు, హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో చూపించే గ్రాఫ్) ఆన్ చేసుకోండి. ఎండలో తీసిన ఫొటోని చూసుకోవాలన్నా ప్లే బటన్ నొక్కి కన్ను ఆనిస్తే చాలు, వ్యూఫైండర్‌లోనే కనిపిస్తుంది. ఈ సంగతి తెలియక చెట్టు నీడ కోసం వెతుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు.

కన్ను ఆనిస్తే ఫొటో ఎందుకు షార్ప్‌గా వస్తుందన్నది ఇందాక వదిలేశాను, ఆ మాట ఇది. కన్ను ఆనించినప్పుడు కెమెరా మూడు చోట్ల ఆనుతుంది, రెండు చేతులు, ఒక ముఖం. ఎడమ అరచేయి లెన్స్ కింద పెట్టి మోచేతులు పక్కటెముకలకి ఆనించి నుదురుకి కెమెరాని నొక్కి పట్టుకుంటే, అది మీ ఒంటితో పాటే కదులుతుంది, చేతుల చివర వేలాడదు. ఫోన్ పట్టుకున్నట్టు చేతులు చాచి పట్టుకుంటే అరకిలో పైన ఉన్న బరువు రెండు మణికట్ల మీదే పడుతుంది, సాయంత్రం వెలుతురు తగ్గి షట్టర్ స్పీడ్ 1/30కి దిగిందంటే ఆ వణుకంతా ఫొటోలో కనిపిస్తుంది. చేతి వణుకుకి ఎదురుగా సెన్సార్‌ని కదిలించి సర్దే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరాలో ఈ తేడా బాగా తగ్గుతుంది, లేని కెమెరాలో మాత్రం కన్ను ఆనించి తీయండి, వేరే దారి లేదు.

పెద్ద లెన్స్ వేస్తే అసలు చర్చే అక్కర్లేదు. నేలపట్టులో గూడబాతు రెక్కలు విప్పి లేచినప్పుడో, పులికాట్‌లో ఫ్లెమింగోల గుంపు ఒక్కసారిగా తిరిగినప్పుడో 600 మిల్లీమీటర్ల లెన్స్‌లో దాన్ని పట్టుకోవాలంటే ముందు మీ కన్ను పక్షిని చూడాలి, ఆ చూపు తిప్పకుండా కెమెరాని కంటి దగ్గరికి తెచ్చుకోవాలి. వెనక స్క్రీన్‌తో అయితే పక్షి ఒకచోట, మీ చూపు ఇంకోచోట, లెన్స్ మరోచోట ఉంటాయి, ఖాళీ ఆకాశంలో వెతుకుతూ ఉండగానే అది వెళ్లిపోతుంది. వ్యూఫైండర్ రిఫ్రెష్ రేటు 60 నుంచి 120కి మార్చుకునే వీలుంటే ఇలాంటి చోట మార్చండి, కదలిక నున్నగా కనిపిస్తుంది, కొన్ని కెమెరాల్లో దానికి బదులుగా వ్యూఫైండర్ స్పష్టత కాస్త తగ్గుతుంది, పరవాలేదు.

ఇంత చెప్పాక వ్యూఫైండర్ పార్టీ మనిషి అనుకుంటారేమో. కాదు. కన్ను ఆనించి తీసేవాళ్ల ఆల్బమ్‌లో నాకు ఎప్పుడూ కనిపించే లోపం ఒకటుంది, ఫొటోలన్నీ ఒకే ఎత్తు నుంచి ఉంటాయి, అది నిలబడ్డ మనిషి కంటి ఎత్తు. సంక్రాంతి పొద్దున వంగి ముగ్గేస్తున్న అమ్మాయిని నిలబడి తీస్తే నడినెత్తీ వీపూ వస్తాయి, అదే స్క్రీన్‌ని పైకి వంచి కెమెరాని నేలకి జానెడు ఎత్తులో పెడితే వేళ్ల సందుల్లోంచి జారుతున్న పిండి వస్తుంది, దాని వెనక ముఖం వస్తుంది, ఆ వెనక వీధి వస్తుంది. పాకే పిల్లలు, కుక్కపిల్లలు, కింద నుంచి పైకి చూస్తే గోపురంలా నిలబడే బతుకమ్మ, ఇవన్నీ స్క్రీన్ పనులు. పైనుంచి తీయాల్సినవి కూడా అంతే. తలంబ్రాల సమయానికి వేదిక ముందు వీడియోవాళ్లు, ఫోన్లెత్తిన బంధువులు గోడ కట్టేస్తారు, అప్పుడు కెమెరాని తల మీదికెత్తి స్క్రీన్‌ని కిందికి వంచి తీయడం తప్ప మార్గం లేదు. ట్రైపాడ్ మీద రాత్రి దృశ్యాలు, బల్ల మీద పెట్టిన వంటకాలు, మాక్రో (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీయడం), వీటన్నిటికీ స్క్రీనే సుఖం, కావలసిన చోట వేలు పెడితే ఫోకస్ అక్కడ పడుతుంది, మెడ నొప్పీ ఉండదు.

స్క్రీన్ ఎలా తెరుచుకుంటుందన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. పైకీ కిందికీ మాత్రమే వంగే స్క్రీన్ లెన్స్‌కి సూటిగా వెనకే ఉంటుంది కాబట్టి కదిలేదాన్ని వెంబడించడం తేలిక, కానీ కెమెరాని నిలువుగా తిప్పారంటే ఆ వంపు దేనికీ పనికిరాదు. పక్కకి తెరుచుకునేది నిలువు ఫొటోలకీ, తన వీడియో తానే తీసుకునేవాళ్లకీ బాగుంటుంది, కాకపోతే చూపు లెన్స్‌కి పక్కగా పడుతుంది, తెరిచిన ప్రతిసారీ రెండు కదలికలు కావాలి. ఫ్యూజీ ఎక్స్-టీ5లో ఉన్న మూడు వైపుల వంపూ, సోనీ ఏ7ఆర్ 5లో ఉన్న నాలుగు ఇరుసుల స్క్రీనూ ఈ గొడవని చాలావరకు తీర్చేశాయి. ఇప్పుడు రీల్స్ కోసం, స్టేటస్‌ల కోసం సగం ఫొటోలు నిలువుగానే అడుగుతున్నారు కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసేయొద్దు.

మనుషుల్ని తీసేటప్పుడు ఇంకో కోణం ఉంది. కెమెరా మీ ముఖానికి అడ్డం పెట్టుకున్న క్షణం నుంచి ఎదుటి మనిషికి మీరు కనిపించరు, లెన్స్ మాత్రమే కనిపిస్తుంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన అప్పటిదాకా కబుర్లు చెప్పినవాడల్లా సర్దుకుని బిగుసుకుపోతాడు. స్క్రీన్ కాస్త వంచి కెమెరాని ఛాతీ దగ్గర పెట్టుకుని "ఆ తర్వాత ఏమైంది తాతా" అంటూ ఆయన కళ్లలోకే చూస్తూ తీయండి, మాట ఆగదు, ముఖమూ మారదు. పాత రోలీఫ్లెక్స్ కెమెరాల్లో నడుము దగ్గర పెట్టుకుని పైనుంచి చూసి తీసేవాళ్లు, ఆ పద్ధతి మళ్లీ మన చేతికి వచ్చిందనుకోండి. పోర్ట్రెయిట్లలో నేను స్క్రీన్ వైపే మొగ్గుతాను, దీనివల్లే.

ఇప్పుడు చాలామందిని నిజంగా టెన్షన్ పెట్టే విషయం, ఫ్లాష్. స్టూడియో లైట్ పెట్టి, కెమెరాలో 1/200, ఎఫ్8, ఐఎస్ఓ 100 పెట్టి కన్ను ఆనిస్తే లోపలంతా నలుపు. వ్యూఫైండర్ పాడైందనుకుని సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసేవాళ్లున్నారు. కెమెరా తప్పేమీ లేదు, మీరు పెట్టిన సెట్టింగులకి ఆ గదిలో ఉన్న మామూలు వెలుతురు ఎలా వస్తుందో నిజాయితీగా చూపిస్తోంది, ఫ్లాష్ వెలుగుతుందన్న సంగతి దానికి ముందే తెలియదు. కొన్ని కెమెరాలు తమ కంపెనీ ఫ్లాష్ తగిలిస్తే గుర్తుపట్టి వాటంతట అవే సర్దుకుంటాయి, మామూలు రేడియో ట్రిగ్గర్‌తో (ఫ్లాష్‌ని దూరం నుంచి వెలిగించే పరికరం) ఆ హామీ లేదు. అప్పుడు దృశ్యం మామూలుగా కనిపించాలంటే, సోనీలో అయితే లైవ్ వ్యూ డిస్‌ప్లే అన్న చోట సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్ చేయాలి, కెనాన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆపాలి, ఫ్యూజీలో మాన్యువల్ మోడ్‌లో ఎక్స్‌పోజర్ ప్రివ్యూ తీసేయాలి. అసలు తిరకాసు ఆ తర్వాత వస్తుంది. మండపంలో ఫ్లాష్‌తో తీసి, సాయంత్రం వధూవరుల్ని బయటికి తీసుకెళ్లి ఎండ పొడలో ఫ్లాష్ లేకుండా తీసేటప్పుడు ఆ సెట్టింగ్ ఆఫ్‌లోనే ఉండిపోతే, స్క్రీన్ మీద అంతా చక్కగా కనిపిస్తుంది, ఫొటోలు మాత్రం తెల్లగా మాడిపోయి వస్తాయి. అందుకని దీన్ని మెనూలో వదిలేయకుండా ఒక కస్టమ్ బటన్‌కి పెట్టుకోండి. పెళ్లిళ్లు తీసే ప్రతివాళ్లకీ నేను మొదట చెప్పేది ఇదే.

కళ్ల విషయానికొస్తే, వ్యూఫైండర్ మసకగా ఉందని వదిలేసినవాళ్లలో ఎక్కువమంది దాని పక్కనున్న చిన్న చక్రాన్ని ఎప్పుడూ తిప్పి ఉండరు. అది డయాప్టర్, చాలా కెమెరాల్లో మైనస్ 4 నుంచి ప్లస్ 2 లేదా 3 దాకా సర్దుతుంది. సర్దేటప్పుడు ఎదుటి దృశ్యాన్ని చూడొద్దు, లోపల కనిపించే అంకెల్ని చూడండి, అవి పదునుగా కనిపించేదాకా తిప్పండి. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకి ఇది వరం లాంటిది. వెనక స్క్రీన్ చూడాలంటే వాళ్లకి దగ్గరి అద్దాలు కావాలి, ఎదుటి మనిషిని చూడాలంటే అవి తీయాలి, ఇలా తీస్తూ పెడుతూ ఉండలేక ఫొటోలే మానేసినవాళ్లున్నారు, వ్యూఫైండర్ ఒకసారి సర్దుకుంటే ఆ పేచీ లేదు. దూరం చూపుకి ఎప్పుడూ కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు మాత్రం ఐ పాయింట్ (కన్ను ఎంత దూరంలో ఉన్నా మొత్తం కనిపిస్తుందో చెప్పేది) అన్న అంకె చూడాలి, అది తక్కువుంటే కళ్లద్దాలతో నాలుగు మూలలూ కనిపించవు.

ఎడమ కన్ను వాడేవాళ్లకి మరో ఇబ్బంది. కన్ను వ్యూఫైండర్‌లో పెట్టి, బొటనవేలితో వెనక స్క్రీన్ మీద రాస్తూ ఫోకస్ చుక్కని జరిపే సౌకర్యం ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది, బాగుంటుంది కూడా. కానీ ఎడమ కన్నుతో చూస్తే ముక్కు పోయి స్క్రీన్‌కి తగులుతుంది, ఫోకస్ చుక్క దానంతటది ఎటో వెళ్లిపోతుంది. టచ్ ప్రాంతాన్ని స్క్రీన్ మీద మీ ముక్కు తగలని సగానికో, మూలకో పరిమితం చేసే సెట్టింగ్ చాలా కెమెరాల మెనూలో ఉంటుంది, వెతికి పెట్టుకోండి.

వ్యూఫైండర్ దగ్గరుండే ఐ సెన్సార్ కన్ను దగ్గరికి రాగానే స్క్రీన్‌ని ఆపి లోపలిది వెలిగిస్తుంది, అది కన్నో, చొక్కానో, మెడలో పట్టీనో దానికి తేడా తెలియదు. ఛాతీ దగ్గర పెట్టుకుని తీస్తుంటే స్క్రీన్ ఆరిపోతోందంటే కారణం ఇదే, స్క్రీన్ తెరిచి ఉన్నప్పుడు సెన్సార్ పనిచేయకుండా చాలా కెమెరాలు చూసుకుంటాయి గానీ అన్నీ కాదు. ఫ్యూజీలో వ్యూ మోడ్ బటన్, నికాన్‌లో వ్యూఫైండర్ పక్కనే ఉండే మానిటర్ మోడ్ బటన్ ఇందుకోసమే, సోనీలో దాన్ని మీరే ఒక బటన్‌కి కేటాయించుకోవాలి. కన్ను ఆనించినప్పుడే వ్యూఫైండర్ వెలిగి, మిగతా సమయమంతా స్క్రీన్ నల్లగా ఉండే మోడ్ కూడా దొరుకుతుంది, కచేరీల్లో నాటకాల్లో వెనక కూర్చున్నవాళ్ల కళ్లలో వెలుతురు పడకుండా ఇది వాడండి.

బ్యాటరీ సంగతి చాలామందికి తలకిందులుగా తెలుసు. స్క్రీన్ పెద్దది కాబట్టి అదే ఎక్కువ తాగుతుందనుకుంటారు. సోనీ ఏ6400కి కంపెనీ ఇచ్చిన లెక్క స్క్రీన్‌తో 410 ఫొటోలు, వ్యూఫైండర్‌తో 360, ఏ7 4కి 580, 520. తేడా పెద్దదేం కాదు, కానీ ఛార్జింగ్ మిగల్చడానికి వ్యూఫైండర్ వాడటంలో మాత్రం అర్థం లేదు.

ఒక హెచ్చరిక. వ్యూఫైండర్ ముందున్న కటకాలు రెండు వైపులా పనిచేస్తాయి. కెమెరాని ఎండలో, కన్ను పెట్టే వైపు సూర్యుడికి తగిలేలా వదిలేస్తే ఆ వెలుతురంతా లోపలి బుల్లి స్క్రీన్ మీద ఒక చుక్కగా చేరి దాన్ని కాల్చేస్తుంది, మచ్చ పడిందంటే ఇక పోదు. కారు డ్యాష్‌బోర్డ్ మీద, పొలం గట్టు మీద పెట్టేటప్పుడు ఆ వైపు కింద ఉండేలా చూసుకోండి, లేదంటే ఒక గుడ్డ కప్పండి.

కొనే ముందు నా మాట ఇది. యూట్యూబ్, రీల్స్, ఇంట్లో వంట వీడియోల కోసమే అయితే సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30 లాంటి వ్యూఫైండర్ లేని కెమెరాలు నిక్షేపంగా సరిపోతాయి, ఆ డబ్బు మైక్‌కో లెన్స్‌కో పెట్టుకోండి. పక్షులు, ఆటలు, పగటి పెళ్లిళ్లు, ప్రయాణాలు మీ పని అయితే, లేదా మీకు చత్వారం మొదలైతే, వ్యూఫైండర్ లేనిది ఎంత తక్కువకి వచ్చినా తీసుకోవద్దు, ఈ రకం కెమెరాలకి తర్వాత తగిలించుకుందామన్నా కుదరదు. షాపులో ఏసీ గదిలో చూసి సరిపెట్టుకోకుండా అడిగి గుమ్మం బయటికి, ఎండలోకి తీసుకెళ్లండి, మీ కళ్లద్దాలతోనే కన్ను ఆనించి నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా చూడండి, కెమెరాని నిలువుగా తిప్పి స్క్రీన్ ఎంతవరకు వంగుతుందో చూడండి. సెకండ్ హ్యాండ్ అయితే తెల్లగోడ వైపు పెట్టి లోపల మచ్చలేమైనా ఉన్నాయా వెతకండి, స్క్రీన్‌ని నాలుగైదుసార్లు తెరిచి మూయండి. మధ్యలో ఒక్కసారి మినుకుమన్నా లోపలి కేబుల్ అరిగిందని అర్థం, దాన్ని వదిలేసి ఇంకోటి చూసుకోండి.